పాత సర్వర్‌కు ర్యామ్ కొంటున్నారా? లేబుల్ మీద చివరి అక్షరం చూడండి

మా తెలుగు సంఘం గ్రంథాలయంలో మూల బల్ల కింద ఒక టవర్ సర్వర్ ఉంది. డెల్ పవర్‌ఎడ్జ్ టీ110, రెండో తరం. సభ్యత్వ పుస్తకాలు, సంఘం మండపంలో జరిగిన పెళ్ళిళ్ళ రిజిస్టర్లు, ఎప్పుడో ఆగిపోయిన తెలుగు పత్రికల పాత సంచికలు, పెద్దవాళ్ళు ఇచ్చిన దస్తావేజుల నకళ్ళు అన్నీ స్కాన్ చేసి అందులోనే దాచుకున్నాం. నాలుగు జీబీ ర్యామ్‌తో కొన్న యంత్రం అది. స్కాన్లు పెరిగేకొద్దీ ఒక్కో పుస్తకం తెరుచుకునేలోగా కాఫీ తాగి రావచ్చు అన్నట్టు తయారైంది. కొత్త సర్వర్‌కు డబ్బు లేదు, ర్యామ్ పెంచుదాం అని కమిటీలో అనుకున్నారు. తెచ్చే పని నాకు పడింది.

హోసూరులో బస్సెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్ళాను. "సర్వర్ ర్యామ్ అన్నా, డీడీఆర్3, ఈసీసీ, ఎనిమిది జీబీవి రెండు" అని అడిగాను. అడిగినట్టే ఇచ్చారు. ఇంత చవకా అని లోపల సంబరపడ్డాను కూడా. తెచ్చి స్లాట్లలో పెడితే బుద్ధిగా కూర్చున్నాయి, రెండు వైపులా క్లిప్పులు టక్కున పడ్డాయి. స్విచ్ వేస్తే తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. తీసి, తుడిచి, స్లాట్లు మార్చి, ఒక్కొక్కటే పెట్టి చూశాను. అంతే.

ర్యామ్ బాగానే ఉంది. సర్వర్ బాగానే ఉంది. దుకాణం వాళ్ళ తప్పూ లేదు. నేను అడగాల్సిన మాట ఒకటి అడగలేదు: రిజిస్టర్డ్ రకమా, అన్‌బఫర్డ్ రకమా? సంఘం డబ్బుతో ఆ పాఠం నేర్చుకున్నాను కాబట్టి, మీలో ఎవరి బడిలోనో, దుకాణంలోనో, సంఘం ఆఫీసులోనో ఇలాంటి పాత సర్వర్ ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

స్లాట్‌లో పట్టినంత మాత్రాన పనిచేయదు

ర్యామ్ మాడ్యూల్‌ను బజార్లో స్టిక్ అంటారు. డీడీఆర్3 స్టిక్ అంటే 240 పిన్నులు, అడుగున ఒక గాడి. డీడీఆర్2కూ 240 పిన్నులే గానీ గాడి వేరే చోట ఉంటుంది, కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. డీడీఆర్4కు 288 పిన్నులు. అంటే తరం తప్పితే స్లాటే అడ్డుకుంటుంది, బలవంతం చేయకపోతే నష్టం లేదు. చిక్కంతా ఒకే తరంలో ఉన్న రకాలతోనే. డీడీఆర్3లో ఇంటి కంప్యూటర్ ర్యామ్‌కూ, చిన్న సర్వర్ ర్యామ్‌కూ, పెద్ద సర్వర్ ర్యామ్‌కూ పిన్నులూ గాడీ ఒకటే. ఏది ఎక్కడ పెట్టినా దూరుతుంది. పనిచేయడం వేరే సంగతి.

మొదటిది మామూలు అన్‌బఫర్డ్ ర్యామ్. ఇంటి కంప్యూటర్లలో ఉండేది. ఒకసారికి 64 బిట్లు చదువుతుంది.

రెండోది ఈసీసీ ఉన్న అన్‌బఫర్డ్ ర్యామ్. 64 బిట్లకు తోడు తప్పు పట్టుకోవడానికి ఇంకో 8 బిట్లు మోస్తుంది, మొత్తం 72. ఒక బిట్ తారుమారైతే సర్వర్ దానంతట అదే సరిదిద్దుకుంటుంది. రెండు తారుమారైతే సరిదిద్దలేదు గానీ తప్పు జరిగిందని కనిపెడుతుంది. చిన్న టవర్ సర్వర్లకు కావాల్సింది ఇదే.

మూడోది రిజిస్టర్డ్ ర్యామ్, ఆర్‌డిమ్ అంటారు. ఇందులోనూ ఈసీసీ ఉంటుంది. దానితో పాటు స్టిక్ మధ్యలో రిజిస్టర్ అనే ఒక చిప్ ఉంటుంది. ప్రాసెసర్ పంపే అడ్రసులు, ఆజ్ఞలు ముందు దాని దగ్గర ఆగి, అక్కడి నుంచి మెమొరీ చిప్పులకు వెళ్తాయి. దానివల్ల ప్రాసెసర్ మీద విద్యుత్ భారం తగ్గి, ఎక్కువ స్టిక్కులు పెట్టుకోవచ్చు. కానీ ఆ మధ్య చిప్‌తో మాట్లాడటం ప్రాసెసర్‌లోని మెమొరీ కంట్రోలర్‌కు తెలిసి ఉండాలి. తెలియకపోతే మా సర్వర్‌లా నోరు మెదపదు.

లోడ్ రెడ్యూస్డ్ అనే నాలుగో రకం ఉంది, ఎల్‌ఆర్‌డిమ్. దీంట్లో డేటా కూడా మధ్యలో ఆగి వెళ్తుంది. ఒక్కో స్టిక్ పెద్ద కెపాసిటీలో ఉండే పెద్ద సర్వర్ల కోసం చేసింది. ఇంకా పాత సర్వర్లలో ఫుల్లీ బఫర్డ్ అనే డీడీఆర్2 రకం ఉండేది. దాని మీది బఫర్ చిప్ బాగా వేడెక్కుతుంది కాబట్టి పైన రేకు తొడుగుతారు. దాని గాడి మామూలు డీడీఆర్2 గాడికి కూడా కుదరదు.

ఈ రకాల్లో ఏ రెండింటినీ ఒకే సర్వర్‌లో కలపకూడదు. పెద్ద సర్వర్ రిజిస్టర్డ్‌నూ అన్‌బఫర్డ్‌నూ రెండింటినీ ఒప్పుకునేదే కావచ్చు, కానీ ఒకసారికి ఏదో ఒకటే.

చవకగా ఎందుకు దొరుకుతుందో

నాకు ఆశ్చర్యం కలిగించిన ఆ ధరకు కారణం తర్వాత తెలిసింది. డేటా సెంటర్లు పాత ర్యాక్ సర్వర్లను తీసేసినప్పుడు ఒక్కో దానిలోంచి పది, పద్దెనిమిది, ఇరవై నాలుగు స్టిక్కులు బయటపడతాయి. అవన్నీ దాదాపు రిజిస్టర్డ్ రకమే. గుట్టలుగా వచ్చి పడతాయి కాబట్టి పాత సామాను బజార్లో వాటికి విలువ తక్కువ. చిన్న టవర్లలో ఉండే ఈసీసీ అన్‌బఫర్డ్ స్టిక్కులు యంత్రానికి రెండో నాలుగో మాత్రమే. దొరకడం కష్టం, ధర ఎక్కువ. అదే ఎనిమిది జీబీ, అదే డీడీఆర్3, అదే ఈసీసీ అయినా రిజిస్టర్డ్ కంటే అన్‌బఫర్డ్ ప్రియం. కాబట్టి చిన్న టవర్ ఉన్నవాళ్ళు "సర్వర్ ర్యామ్ బాగా చవక" అని ఎవరైనా అంటే ఒక క్షణం ఆగాలి.

ముందు మీ యంత్రం ఏమిటో తెలుసుకోండి

డెల్ అయితే క్యాబినెట్ మీద ఏడు అక్షరాలూ అంకెలూ కలిసిన సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. డెల్ సపోర్ట్ సైట్‌లో అది కొడితే ఫ్యాక్టరీ నుంచి ఏ ర్యామ్‌తో వచ్చిందో కనబడుతుంది. హెచ్‌పీ అయితే సీరియల్ నంబరూ ప్రొడక్ట్ నంబరూ చూసుకుని, ఆ మోడల్ క్విక్‌స్పెక్స్ పత్రం తెరవండి. ఏ రకం, ఎన్ని స్లాట్లు, గరిష్ఠం ఎంత అన్నీ అందులో ఉంటాయి. సర్వర్ నడుస్తూ ఉంటే మూత తీయకుండానే చూడొచ్చు. లినక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే కమాండ్ ఒక్కో స్లాట్‌లో ఏముందో, ఏది ఖాళీగా ఉందో చెబుతుంది. విండోస్‌లో సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. డెల్ వారి ఐడ్రాక్, హెచ్‌పీ వారి ఐలో ఉన్న సర్వర్లలో బ్రౌజర్ నుంచే చూసుకోవచ్చు.

మోడల్ తెలిస్తే మిగతాది చాలావరకు ప్రాసెసర్ తరమే చెప్పేస్తుంది. మన సంఘాల్లో, బడుల్లో, చిన్న ఆఫీసుల్లో తారసపడేవి ఇవి.

డెల్ పవర్‌ఎడ్జ్ 1950, 2950, హెచ్‌పీ ప్రోలయంట్ డీఎల్380 జీ5: ఇవి ఫుల్లీ బఫర్డ్ డీడీఆర్2. జతలుగానే పెట్టాలి. నా మాట వింటే వీటి మీద ఇక రూపాయి పెట్టకండి. వేడి, కరెంటు బిల్లు రెండూ ఎక్కువే.

డెల్ ఆర్610, ఆర్710, టీ610, హెచ్‌పీ డీఎల్380 జీ6, జీ7: జియాన్ 5500, 5600 వరుస ప్రాసెసర్లు. డీడీఆర్3, రిజిస్టర్డ్ అయినా ఈసీసీ అన్‌బఫర్డ్ అయినా ఒప్పుకుంటాయి. రిజిస్టర్డ్ కొనడమే లాభం.

డెల్ ఆర్620, ఆర్720, హెచ్‌పీ డీఎల్380పీ జెన్8: జియాన్ ఈ5-2600, రెండో తరం వరకు. ఇవీ డీడీఆర్3 రిజిస్టర్డ్. లోడ్ రెడ్యూస్డ్‌ను కూడా తీసుకుంటాయి. ఆ తర్వాతి ఆర్730, డీఎల్380 జెన్9 నుంచి డీడీఆర్4.

డెల్ టీ110 రెండో తరం, ఆర్210 రెండో తరం, హెచ్‌పీ మైక్రోసర్వర్ జెన్8, ఎంఎల్310ఈ జెన్8: జియాన్ ఈ3-1200 వరుస. వీటికి డీడీఆర్3 ఈసీసీ అన్‌బఫర్డ్ మాత్రమే. రిజిస్టర్డ్ పెడితే లేవవు. ఈ వరుసలో ఇంకో హద్దు ఉంది. వీటి మెమొరీ కంట్రోలర్ ఒక్కో స్టిక్‌కు ఎనిమిది జీబీ దాటి గుర్తించదు. అందుకే నాలుగు స్లాట్లున్న టీ110 రెండో తరానికి 32 జీబీ, రెండే స్లాట్లున్న మైక్రోసర్వర్ జెన్8కు 16 జీబీ గరిష్ఠం. పదహారు జీబీ స్టిక్ ఒక్కటి కొని స్లాట్ మిగుల్చుకుందాం అనే ఆలోచన ఇక్కడ సాగదు.

లేబుల్ చదవడం

స్టిక్ మీద తెల్ల కాగితం అంటించి ఉంటుంది. దాన్ని చదవడం వస్తే దుకాణంలో ఎవరినీ అడగక్కర్లేదు. లేబుల్ మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఒక నమూనా: "8జీబీ 2ఆర్ఎక్స్4 పీసీ3ఎల్-10600ఆర్".

మొదటిది కెపాసిటీ. "2ఆర్" అంటే రెండు ర్యాంకులు, దీని సంగతి కింద చెబుతాను. "ఎక్స్4" అంటే స్టిక్ మీది ఒక్కో చిప్ ఒకసారికి నాలుగు బిట్లు ఇస్తుంది. ఎక్స్8 అయితే ఎనిమిది. "పీసీ3" అంటే డీడీఆర్3. పక్కన "ఎల్" ఉంటే 1.35 వోల్టుల మీద నడవగలదు, లేకపోతే 1.5 వోల్టులు. ఎల్ ఉన్న రకం 1.5 మీద కూడా పనిచేసేలా చేస్తారు కాబట్టి పాత డీడీఆర్3 సర్వర్‌కు అది కొన్నా ఇబ్బంది లేదు.

10600 అనేది వేగం. సెకనుకు దాదాపు 10,600 మెగాబైట్లు అని లెక్క. దీన్నే డీడీఆర్3-1333 అని కూడా అంటారు. ఎనిమిదితో గుణిస్తే ఒకటి ఇంకొకటి అవుతుంది. 8500 అంటే 1066, 12800 అంటే 1600, 14900 అంటే 1866. సర్వర్ వేగం తక్కువై స్టిక్ వేగం ఎక్కువైతే పరవాలేదు, స్టిక్ తన వేగం తగ్గించుకుని నడుస్తుంది. అందుకని వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇక ఆ అంకె వెనకాలే ఉన్న అక్షరం. నేను చూడనిది అదే. ఆర్ అంటే రిజిస్టర్డ్. ఈ అంటే ఈసీసీ అన్‌బఫర్డ్. యూ అంటే ఈసీసీ లేని ఇంటి కంప్యూటర్ రకం. ఎల్ అంటే లోడ్ రెడ్యూస్డ్. డీడీఆర్2 లేబుల్‌లో ఎఫ్ ఉంటే ఫుల్లీ బఫర్డ్. మా టీ110కి కావాల్సింది "పీసీ3-10600ఈ" లేదా "పీసీ3ఎల్-12800ఈ". నేను తెచ్చింది ఆర్.

డీడీఆర్4 లేబుల్ దగ్గర జాగ్రత్త. "పీసీ4-2400టీ-ఆర్..." అని ఉంటుంది. అక్కడ అంకె వెనకాలే ఉన్న టీ అనేది వేగం తరగతి మాత్రమే. రకం చెప్పే అక్షరం ఆ తర్వాతి గీత దాటాక వస్తుంది. డీడీఆర్3 అలవాటుతో చూస్తే పొరపాటు పడతారు.

లేబుల్ చిరిగిపోయినా, నమ్మకం లేకపోయినా చిప్పులు లెక్కపెట్టండి. ఒక వైపు పెద్ద చిప్పులు ఎనిమిది ఉంటే ఈసీసీ లేదు. తొమ్మిది ఉంటే ఉంది. మధ్యలో వాటికంటే వేరే ఆకారంలో ఇంకో చిప్ కనబడితే రిజిస్టర్డ్. అడుగున మూలనో మధ్యనో ఉండే అతి చిన్న ఎనిమిది కాళ్ళ చిప్‌ను చూసి రిజిస్టర్ అనుకోకండి. అది స్టిక్ వివరాలు దాచుకునే చిప్, అన్నింటికీ ఉంటుంది. రేకు తొడుగు ఉంటే లెక్క కుదరదు. అప్పుడు ఇంకో గుర్తు: లేబుల్ మీద ఎక్స్4 అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ రిజిస్టర్డ్ లేదా లోడ్ రెడ్యూస్డ్ రకమే, చిన్న టవర్‌కు వద్దు.

తయారీదారు పార్ట్ నంబరు కూడా సాక్ష్యం చెబుతుంది. శామ్‌సంగ్‌లో ఎం393తో మొదలైతే రిజిస్టర్డ్, ఎం391 అయితే ఈసీసీ అన్‌బఫర్డ్, ఎం378 అయితే ఇంటి కంప్యూటర్ ర్యామ్, ఎం386 అయితే లోడ్ రెడ్యూస్డ్. హైనిక్స్ డీడీఆర్3 నంబర్లు హెచ్‌ఎంటీతో మొదలవుతాయి. మధ్యలో ఆర్7 అని వస్తే రిజిస్టర్డ్, యూ7 అయితే ఈసీసీ అన్‌బఫర్డ్, యూ6 అయితే ఈసీసీ లేదు. కింగ్‌స్టన్ వారి కేవీఆర్ నంబర్లలో వేగం అంకె తర్వాత ఆర్, ఈ, ఎన్ అని వస్తాయి. ఎన్ అంటే ఈసీసీ లేనిది. వేగం అంకె పక్కన ముందు ఎల్ వచ్చి తర్వాత ఈ వస్తే 1.35 వోల్టుల ఈసీసీ అన్‌బఫర్డ్ అని అర్థం.

హెచ్‌పీ స్టిక్కుల మీద ఒకే సరుకుకు రెండు మూడు నంబర్లుంటాయి. డబ్బాలో అమ్మే కిట్‌కు ఒకటి, చివర బీ21 అని ఉంటుంది. రిపేరుకు ఇచ్చే విడిభాగానికి ఇంకొకటి, చివర 001. సరుకు ఒకటే అయినా నంబర్లు కలవలేదని వెనక్కి తిప్పకండి. నంబరును క్విక్‌స్పెక్స్‌లో సరిచూసుకుంటే చాలు. జెన్8 నుంచి హెచ్‌పీ తన సొంత ర్యామ్‌ను గుర్తుపట్టే పద్ధతి పెట్టింది. వేరే కంపెనీది పెడితే హెచ్చరిక చూపవచ్చు. రకం సరైనదైతే మామూలుగా నడుస్తుంది.

ర్యాంకులు, స్లాట్లు: పెద్ద సర్వర్ల లెక్క

చిన్న టవర్ ఉన్నవాళ్ళు ఈ భాగం వదిలేసి ముందుకు వెళ్ళిపోవచ్చు. ర్యాక్ సర్వర్ ఉన్నవాళ్ళకు మాత్రం ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. డెల్ ఆర్710నే తీసుకుందాం, పాత బజార్లో బాగా దొరికే యంత్రం.

దానిలో 18 స్లాట్లు ఉన్నాయి. ప్రాసెసర్‌కు తొమ్మిది చొప్పున. మెమొరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి ఒక్క ప్రాసెసరే ఉన్న ఆర్710లో రెండో వైపు తొమ్మిది స్లాట్లు ఉన్నా లేనట్టే. అక్కడ ర్యామ్ పెట్టి "చూపించడం లేదు" అని కొట్టుకునేవాళ్ళున్నారు. తొమ్మిది స్లాట్లు మూడు ఛానళ్ళు, ఛానల్‌కు మూడు. ఒక్కో ఛానల్‌లో మొదట పెట్టాల్సిన స్లాట్‌కు తెల్ల క్లిప్పులుంటాయి. ముందు మూడు తెల్లవీ నింపాలి, తర్వాతే నల్లవి. అందుకే ఈ తరం సర్వర్లకు స్టిక్కులు రెండూ నాలుగూ కాక మూడు, ఆరు, తొమ్మిది లెక్కన కొనడం మేలు. ఆర్720 తరంలో ప్రాసెసర్‌కు నాలుగు ఛానళ్ళు కాబట్టి అక్కడ నాలుగు, ఎనిమిది.

ర్యాంకు అంటే స్టిక్ మీది చిప్పుల్లో ఒకసారికి కలిసి పనిచేసే జట్టు. రెండు జట్లుంటే 2ఆర్, నాలుగుంటే 4ఆర్. ఒక ఛానల్ మోయగల జట్లకు హద్దు ఉంది. ఆర్710లో నాలుగు ర్యాంకుల స్టిక్కులైతే ఛానల్‌కు రెండే పెట్టగలం. అంటే 18 స్లాట్లలో 12 మాత్రమే ఉపయోగం. చవకగా దొరికే పదహారు జీబీ స్టిక్కుల్లో చాలావాటి మీద "4ఆర్ఎక్స్4 పీసీ3ఎల్-8500ఆర్" అని ఉంటుంది. అవి ఇవే. చెడ్డవి కావు, కానీ 18 కొంటే ఆరు చేతిలో మిగిలిపోతాయి. అన్‌బఫర్డ్ రకం పెట్టినా ఛానల్‌కు రెండే.

ఇంకో సంగతి. మూడో వరుస నల్ల స్లాట్లు కూడా నింపితే ఆర్710లో ర్యామ్ అంతా 800 వేగానికి దిగిపోతుంది. 1333 ర్యామ్ అయినా అంతే. కాబట్టి చిన్నవి తొమ్మిది పెట్టడం కంటే పెద్దవి ఆరు పెట్టడం మంచిది. ప్రాసెసర్ కూడా చూసుకోవాలి. జియాన్ ఈ5520 లాంటివి 1066 దాటి పోవు, ఈ5506 అయితే 800 దగ్గరే ఆగుతుంది.

కొత్త స్టిక్కులు పెట్టేముందు బయోస్ కొత్త వెర్షన్‌కు మార్చుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ హద్దు కూడా చూడండి. విండోస్ సర్వర్ 2008 ఆర్2 స్టాండర్డ్ 32 జీబీ దాటి వాడుకోదు, అందులోనే ఫౌండేషన్ రకం అయితే ఎనిమిది జీబీతో సరి. చిన్న సర్వర్లతో పాటు ఈ ఫౌండేషన్ చాలాచోట్ల వచ్చింది. ర్యామ్ 16 చేసి సిస్టమ్ ఎనిమిదే వాడుకుంటూ కూర్చుంటే ఎవరిని అంటాం?

ఈసీసీ లేకుండా నడిపేస్తే ఏం?

ఈ ప్రశ్న మా కమిటీలో కూడా వచ్చింది. ఇంటి కంప్యూటర్ ర్యామ్ వీధి చివరి దుకాణంలోనే దొరుకుతుంది కదా అని. కొన్ని చిన్న సర్వర్లలో అది పెట్టినా బూట్ అవుతుంది నిజమే. కానీ తప్పులు సరిదిద్దే పని అక్కడితో ఆగిపోతుంది. తప్పు జరిగినట్టు కూడా తెలియదు. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు కలిసి గూగుల్ సర్వర్లను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిలో ఎనిమిది శాతానికి పైగా మాడ్యూళ్ళలో ఏదో ఒక తప్పు నమోదైంది. అంతవరకు అనుకున్నదానికంటే అది చాలా ఎక్కువ.

సినిమా ఫైల్‌లో ఒక బిట్ మారితే తెర మీద ఒక చుక్క. స్కాన్ ఫైల్ సర్దేటప్పుడో, కాపీ చేసేటప్పుడో మారితే ఆ తప్పుతోనే డిస్కులోకి వెళ్తుంది, అక్కడి నుంచి బ్యాకప్‌లోకీ వెళ్తుంది. మా దగ్గర ఉన్న పెళ్ళి రిజిస్టర్ పుస్తకాల్లో కొన్ని చెదలు పట్టి అసలు పోయాయి, స్కానే మిగిలింది. మూడు తరాల కింద ఇక్కడికి వచ్చిన కుటుంబం తమ పేరు ఎక్కడుందో వెతుక్కోవాలంటే అదొక్కటే ఆధారం. అందుకే ఈసీసీ దగ్గర నేను రాజీపడలేదు.

బజారుకు వెళ్ళేటప్పుడు

బెంగళూరు వైపు వారికి ఎస్పీ రోడ్డు, చెన్నై వైపు వారికి రిచీ స్ట్రీట్, ముంబై, భివండీ వారికి లామింగ్టన్ రోడ్డు, తెలంగాణ సరిహద్దు జిల్లాల వారికి సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. యానాం, బరంపురం, షోలాపూర్ లాంటి చోట్ల ఉన్నవారు ఫోన్ మీద మాట్లాడి కొరియర్‌లో తెప్పించుకోవడం ఎక్కువ. వారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

నోటితో అడగకండి, రాసి పంపండి. సర్వర్ మోడల్, ప్రాసెసర్ పేరు, ఇప్పుడున్న స్టిక్ లేబుల్ ఫోటో, కావాల్సింది "డీడీఆర్3 ఈసీసీ అన్‌బఫర్డ్, రిజిస్టర్డ్ వద్దు" అని స్పష్టంగా. రిజిస్టర్డ్ కావాల్సినవారు తిరగేసి రాయండి. వాళ్ళు పంపబోయే స్టిక్ లేబుల్ ఫోటో తెప్పించుకున్నాకే డబ్బు వేయండి. సైట్లలో చూసే బొమ్మ చాలాసార్లు నమూనా బొమ్మే, వచ్చే సరుకు కాదు. "ఏఎండీకి మాత్రమే" అని రాసి అమ్మే చవక స్టిక్కులు ఎంత బాగా కనిపించినా ఇంటెల్ సర్వర్‌కు కొనకండి. పనిచేయకపోతే ఎన్ని రోజుల్లోగా మార్చి ఇస్తారో బిల్లు మీదే రాయించుకోండి. పాత సామానుకు బిల్లు ఏంటి అంటారు, అయినా అడగండి. సంఘం డబ్బుకు లెక్క చూపాల్సింది మనమే.

రెండు కొంటే ఒకే పార్ట్ నంబరువి కొనండి. వేరువేరు కంపెనీలవి కలిసి పనిచేయవని కాదు, చేస్తాయి. ఏదైనా ఇబ్బంది వస్తే మాత్రం ఏది కారణమో కనుక్కోవడం కష్టమవుతుంది.

పెట్టిన తర్వాత

పెట్టేముందు బ్యాకప్ తీయండి. సర్వర్ ఆపి, కరెంటు వైరు ఊడబీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ ఇనుప భాగం తాకి మొదలుపెట్టండి. నైలాన్ చీర, సిల్కు చొక్కా ఆ రోజుకు వద్దు. ఏ స్లాట్ ముందో సాధారణంగా మూత లోపలి బొమ్మలో ఉంటుంది. పాత స్టిక్ పిన్నులు మసకబారి ఉంటే మెత్తటి రబ్బరుతో మెల్లగా తుడిచేవారున్నారు. నేనైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడుస్తాను, రబ్బరు పొడి స్లాట్‌లో పడే బాధ ఉండదు.

బయోస్‌లో మొత్తం కెపాసిటీ సరిగ్గా చూపిందంటే సగం పనే అయింది. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచి బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. పొద్దున ఒక్క ఎర్ర గీత కనబడినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి. ఒక్కటే కదా అనుకోవద్దు. ఈసీసీ ఉన్నప్పుడు చిన్న తప్పులు దానంతట అవే సరిదిద్దబడి పరీక్షలో కనబడకపోవచ్చు. అందుకే సర్వర్ ఈవెంట్ లాగ్ కూడా తెరిచి, మెమొరీ గురించి ఏమైనా రాసి ఉందేమో చూడాలి. మార్చుకునే గడువులోపే ఇదంతా అయిపోవాలి.

నా రెండు స్టిక్కులనూ మూడో రోజు మళ్ళీ ఎస్పీ రోడ్డుకు మోసుకెళ్ళాను. వాళ్ళు మారు మాట్లాడకుండా తీసుకున్నారు. వాళ్ళ దగ్గర అన్‌బఫర్డ్ లేదు, పక్క సందులో ఇంకో దుకాణం చూపించారు. "పీసీ3ఎల్-12800ఈ, 2ఆర్ఎక్స్8" అని లేబుల్ చదువుకుని మరీ రెండు తెచ్చాను. మొదటివాటికి పెట్టినదానికంటే చాలా ఎక్కువే పడింది. కమిటీ ముందు ఆ తేడా గురించి పావుగంట మాట్లాడాల్సి వచ్చింది. ఇప్పుడు సర్వర్‌లో 16 జీబీ ఉంది, ఇంకా రెండు స్లాట్లు ఖాళీ. మోడల్, సర్వీస్ ట్యాగ్, ర్యామ్ రకం, పెట్టిన తేదీ ఒక అట్టముక్క మీద రాసి మూత లోపల అంటించాను. పాత రెండు జీబీ స్టిక్కులు రెండూ కవర్లో పెట్టి, బిల్లుతో పాటు బీరువా పై అరలో ఉన్నాయి.